రశీదు పుస్తకంతో తిరిగిన ఊరు

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజారు దిక్కు నడుస్తుంటే నా కంటికి దుకాణాల బోర్డులు ఆనవు. ఫలానా బట్టల దుకాణం దుప్పట్లు ఇచ్చింది, ఆ పక్క కిరాణం వాళ్ళు ఏటా బియ్యం, పప్పు పంపేవాళ్ళు, మూల మీది మిఠాయి దుకాణం సేటు ఏండ్ల తరబడి "రేపు రండి" అని తిప్పించుకుని ఒక ఏడాది ఎవరూ అడగకముందే కవరు పంపించాడు. ఇవే యాదికొస్తాయి. కొన్ని దుకాణాల్లో ఇప్పుడు కొడుకులు, మనవలు కూర్చుంటున్నారు. నేను ఈ ఊరిని ఎరిగింది మాత్రం లయన్స్ క్లబ్ అనే సేవా సంస్థ చందాల రశీదు పుస్తకం పట్టుకుని గడపగడపకూ తిరిగిన రోజుల్లోనే.

మాది చండూరు దిక్కు పల్లె. 1980ల నడిమిట్లో నల్లగొండకు వచ్చి చిన్న మందుల షాపు పెట్టుకున్నాను. పల్లెలో ఫలానాయన కొడుకునంటే చాలు, మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెడతారు. ఇక్కడ నేను మెడికల్ షాపు పిల్లగాణ్ణి, అంతే. పొద్దున షటర్ ఎత్తడం, రాత్రి దించడం, పండుగకు ఊరికి పోయి రావడం. జ్వరమొస్తే పక్క షాపులో నాకు తెలిసినవాళ్ళు లేరు.

మా షాపుకు బీపీ గోళీల కోసం నెలనెలా ఒక వకీలు సారు వచ్చేవాడు. పెద్దాయన. చిల్లర లెక్కపెట్టుకుంటూ ఒకరోజు అడిగాడు: "తమ్మీ, ఆదివారం పొద్దుగాల ఖాళీనేనా? మా లయన్స్ క్లబ్ కండ్ల శిబిరముంది. మందులు పంచేకాడ తెలిసినోడు ఒకడు కావాలె."

"వస్త సార్" అన్నాను. నాకు ఆ రోజు చేసే పని కూడా ఏమీ లేదు.

అప్పట్లో కంటి ఆపరేషన్లు బళ్ళలోనే జరిగేవి. వానాకాలం పంట ఇంటికొచ్చి, పల్లెల్లో పని తగ్గినంక, చలికాలంలో శిబిరం పెట్టేవాళ్ళు. మా జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, దేవరకొండ తండాల నుంచి ముసలివాళ్ళు వచ్చేవాళ్ళు. కొందరు బస్సులో, కొందరు ఎడ్లబండ్ల మీద, మనవడి భుజం పట్టుకుని కొందరు. వారం ముందే ఊర్లలో డప్పు చాటింపు వేయించేవాళ్ళం. క్లాసు గదుల్లో బెంచీలు తీసేసి, కింద గడ్డి పరిచి, దాని మీద జంపఖానాలు, దుప్పట్లు. ఒక గదిని కడిగి, తెల్లబట్టలు కట్టి ఆపరేషన్ గది చేసేవాళ్ళు. ఆపరేషన్ అయినవాళ్ళు కొన్ని దినాలు కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. దగ్గకూడదు, వంగకూడదు. వాళ్ళకు గట్క కలిపి తినిపించడం, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోవడం, రాత్రి కావలి ఉండడం, ఇవన్నీ క్లబ్ సభ్యుల పనులే. మిల్లు యజమాని, ఇంజినీరు, బట్టల సేటు, అందరూ వంతులు వేసుకుని రాత్రుళ్ళు ఆ వరండాలో పడుకునేవాళ్ళు.

నా పని మందుల దగ్గర. చుక్కల మందు సీసాలు రెండు రకాలుండేవి, చూడడానికి రెండూ ఒక్కతీరుగా ఉండేవి. వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి చదువు రాదు. చూపే సరిగ్గా లేనివాళ్ళకు సీసా మీది అక్షరాలు చూపించి ఏం లాభం? అందుకని పొద్దున, మాపు వేసుకునే సీసా మెడకు ఎర్ర దారం చుట్టి ముడి వేశాను. పడుకునే ముందు వేసుకునేదానికి ముడి లేదు. వేళ్ళతో తడిమితే తెలిసిపోవాలి. "ముడున్నది పొద్దుగాల, మాపటికి. ముడి లేనిది పండుకునేటప్పుడు" అని ప్రతి ఒక్కరితో తిరిగి చెప్పించుకునేవాణ్ణి. డాక్టరు సారు చూసి ఏమీ అనలేదు. తర్వాతి శిబిరానికి దారపు ఉండ ఆయనే తెచ్చాడు. నేను బతుకుదెరువు కోసం నేర్చుకున్న పని ఇంకొకరి చూపుకు అక్కరకొస్తుందని నాకు తెలిసింది ఆ దారం ముడితోనే.

ఆ రోజుల్లో కన్నులోపల కటకం పెట్టే పద్ధతి మా దిక్కు శిబిరాలకు ఇంకా రాలేదు. శుక్లం పొర తీసేసి, నెలన్నర గడిచినంక లావు అద్దాలు ఇచ్చేవాళ్ళు. పది నంబరు, అంతకంటే ఎక్కువ. ఆ అద్దాల్లో వస్తువు ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. గడప ఇంకా అడుగు దూరంలో ఉండగానే ముసలాయన మోకాలెత్తు కాలు లేపేవాడు. గ్లాసు అందుకోబోతే చెయ్యి ఇవతలే మూసుకునేది. అద్దాలు పంచి పంపించేస్తే ఇంటికి పోయి పక్కన పెట్టేస్తారని వకీలు సారు మా చేత ఒక పని చేయించాడు. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిపించాలి, మెట్లు ఎక్కించి దించాలి, చెంబు అందుకోమనాలి. అలవాటయ్యే దాకా పోనివ్వొద్దు.

ఆ అద్దాల సంగతేందో కనుక్కుందామని తర్వాత ఊర్లకు పోయేవాళ్ళం. నాంపల్లి దిక్కు ఒక ఊర్లో ఒక అవ్వ అరుగు మీద చేట పెట్టుకుని కూర్చుంది. అద్దాల కాడలకు తాడు కట్టి తల వెనక ముడేసుకుంది. మమ్మల్ని చూడగానే, "సారూ, బియ్యంల రాళ్ళు నేనే ఏరుతున్న. కోడలు మళ్ళ ఏరుతలేదు" అంది. రెండో మాటే ఆమెకు ముఖ్యం. అంతకుముందు ఆమె ఏరినంక కోడలు చాటుగా మళ్ళీ ఏరేదట, అది ఆమెకు తెలిసేదట. ఇంట్లో ఒక మనిషికి పోయిన మాట మళ్ళీ వచ్చిందని నాకు అర్థమైంది. ఎన్ని ఆపరేషన్లు చేశామని క్లబ్ రిపోర్టులో రాస్తాం. ఇట్లాంటివి రాయడానికి అందులో గడి ఉండదు.

లయన్స్‌కు, కంటిచూపుకు ఇంత సంబంధం ఎట్లా వచ్చిందో వకీలు సారే చెప్పాడు. మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి 1917లో చికాగోలో మొదలుపెట్టిన సంస్థ ఇది. పసితనంలోనే చూపు, వినికిడి పోయిన హెలెన్ కెల్లర్ 1925లో ఒహాయోలో జరిగిన వాళ్ళ మహాసభకు వచ్చి, అంధుల పక్షాన నిలబడండని కోరింది. అప్పటి నుంచి ఏ దేశంలో ఉన్నా లయన్స్‌కు కన్ను మొదటి పని అయింది. మన దేశంలో తొలి క్లబ్ 1956లో వచ్చింది. ఎక్కడి ఒహాయో, ఎక్కడి నాంపల్లి అనుకునేవాణ్ణి. ఒక మనిషి నోరు తెరిచి అడిగితే ఆ మాట అంత దూరం నడుస్తుంది.

అడగడం గురించే ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే క్లబ్ నాకు ఇచ్చిన వాటిలో అన్నిటికంటే పెద్దది అదే.

క్లబ్‌లో మనంతట మనం చేరలేం. ఒక సభ్యుడు మన పేరు ప్రతిపాదించాలి. వకీలు సారు నా పేరు చెప్పాడు. చేరిన కొన్నాళ్ళకే నా చేతికి రశీదు పుస్తకం ఇచ్చి చందాలకు వెంట తీసుకుపోయాడు. మాది వ్యవసాయం ఇల్లు. బాపు అప్పు కోసం గడపల్లో నిలబడడం చూసి పెరిగినవాణ్ణి. ఎవరినైనా ఏదైనా అడగడమంటే నాకు గొంతు ఎండిపోయేది. మొదటి దుకాణంలో నేను నేల చూస్తూ నిలబడ్డాను. బయటికి వచ్చినంక సారు అన్నాడు: "నీ ఇంటికా తీస్కపోతున్నవ్? నీ కోసం అడుగుతలేవు గద, తలకాయ ఎందుకు దించుతవ్? సూటిగ సూసి అడుగు. ఇయ్యకుంటే దండం పెట్టి రా. మళ్ళొచ్చేయేడు మళ్ళ పో."

ఆ మాట పట్టుకునే మిర్యాలగూడ రైస్ మిల్లుల దాకా పోయాను. కలెక్టరాఫీసులో, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో కుర్చీల ముందు నిలబడి మాట్లాడాను. ఇచ్చినవాళ్ళు, ఇవ్వనివాళ్ళు, ఎండలో నిలబెట్టినవాళ్ళు, చల్ల ఇచ్చి కూర్చోబెట్టినవాళ్ళు. బస్టాండు కాడ సైకిలు పంక్చర్లు వేసేటాయన ఒకసారి తనే పిలిచాడు. గ్రీజు చేతిని గుడ్డకు తుడుచుకుని, అంగీ జేబులోంచి ఐదు రూపాయలు తీశాడు. రశీదు ఎందుకులే అనుకుని నేను పుస్తకం తెరవలేదు. సారు ఆగి, "ఏం పేరు రాయాలె అన్నా?" అని అడిగి, మిల్లు యజమాని పేరు రాసినట్టే మెల్లగా, స్పష్టంగా రాసి, చింపి రెండు చేతులతో ఇచ్చాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ డబ్బు విషయంలో క్లబ్ నియమం ఒకటుంది. జనం దగ్గర తెచ్చిన పైసా జనానికే పోవాలి. మా మీటింగు చాయలు, ఉత్తరాల ఖర్చు, హాలు కిరాయి, అన్నీ సభ్యులు కట్టే రుసుములోంచే. రెండు ఖాతాలు వేర్వేరు. కోశాధికారి ప్రతి మీటింగులో రెండిటినీ విడివిడిగా చదివి వినిపించేవాడు. ఒకసారి శిబిరం రోజు వలంటీర్లకు తెప్పించిన చాయల బిల్లు శిబిరం ఖర్చులో పడింది. చిన్న మొత్తమే. అయినా మీటింగులో లేచి, ఇది మన జేబులోంచి పోవాల్సిందని, అక్కడికక్కడే అందరి దగ్గరా వసూలు చేసి ఖాతా సరిచేశాడు. నా షాపు లెక్కలు కూడా అప్పటి నుంచి అట్లనే రాయడం మొదలుపెట్టాను. షాపు డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు. ఆ అలవాటు లేకుంటే ఆ షాపు ఇన్నేండ్లు నిలబడేది కాదని నా నమ్మకం.

మీటింగుల సంగతి చెబితే ఇప్పటికీ మనసు తేలికవుతుంది. గంట కొట్టి మొదలుపెట్టడం, ఒకరి పేరు ముందు ఒకరు 'లయన్' అని పెట్టి పిలవడం, మొదట్లో కొత్తగా అనిపించేది. టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంటుంది. నవ్వించడం, జరిమానా వేయడం ఆయన పని. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు, బ్యాడ్జి మరిచినవాళ్ళకు, భార్య పుట్టినరోజు మరిచినవాళ్ళకు, ఎవరికైనా వేస్తాడు. ఒక మీటింగులో ఒకరికి రెండుసార్లకు మించి వేయకూడదు. ఆయనకు జరిమానా వేయాలంటే మాత్రం ఉన్నవాళ్ళందరూ ఒక్కమాట మీద ఉండాలి. కోర్టులో అందరూ లేచి నిలబడే పెద్దమనిషి కూడా ఇక్కడ నవ్వుతూ రెండు రూపాయలు తీసి డబ్బాలో వేసేవాడు. నాలాంటి కొత్తవాడి బెరుకు పోగొట్టింది ఆ డబ్బా చప్పుడే. ఏడాదికొకసారి జూలైలో అధ్యక్షుడు మారతాడు కాబట్టి పెత్తనం ఒక్కచోటే పాతుకుపోదు. వందన సమర్పణ చెయ్యమని నన్ను మైకు ముందుకు తోసేవాళ్ళు. మాట్లాడగా మాట్లాడగా మాట వచ్చింది.

ఇంకొక నియమం మా నల్లగొండ కోసమే రాసినట్టుండేది. ప్రజలకు పనికొచ్చే ఏ సంగతినైనా చర్చించొచ్చు గానీ, పార్టీ రాజకీయాలు, మతం వాదించుకోకూడదు. మా జిల్లాలో చాయ హోటల్లో కూర్చుంటే పది నిమిషాల్లో పార్టీలకు దిగుతాం. సాయుధ పోరాటం నడిచిన నేల, ప్రతి ఊరికీ ఒక జెండా, ప్రతి ఇంటికీ ఒక పక్షం. అట్లాంటిచోట ఎర్రజెండా మాస్టారు, కాంగ్రెస్ కాంట్రాక్టరు, ఏ పార్టీ అయినా తనకొకటే అనే సేటు ఒకే బెంచీ మీద కూర్చుని గ్లూకోజు సీసాలు ఎన్ని కావాలో లెక్కపెట్టుకునేవాళ్ళు. మా పల్లెలో ఒకరి బావి నీళ్ళు ఇంకొకరు తాగని రోజులు నాకు తెలుసు. ఇక్కడ శిబిరం మధ్యాహ్నం అందరికీ ఒకటే బంతి, ఎవరు వడ్డిస్తే వాళ్ళ చేతి బువ్వే. 2011లో సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయినప్పుడు, బయట ఒకరితో ఒకరు వాదించుకునేవాళ్ళే పేషెంట్ల కోసం తమ బండ్లు పంపించారు.

ఆడవాళ్ళు సభ్యులు కావడానికి లయన్స్ నియమాల్లో 1987 దాకా వీలు లేదు. నియమం మారినా మా దగ్గరికి ఆ మార్పు నడుచుకుంటూ వచ్చేసరికి ఏండ్లు పట్టింది. మొదట చేరింది ఒక హెడ్‌మాస్టరమ్మ. ఆమె వచ్చినంక తండాల నుంచి వచ్చే ఆడవాళ్ళ సంఖ్య కండ్లముందే పెరిగింది. అప్పటిదాకా ఇంటి మగవాళ్ళు తీసుకొస్తేనే వచ్చేవాళ్ళు. ఆమె మాత్రం నేరుగా వంటింటి గడప దాకా పోయి కూర్చుని మాట్లాడేది. అంతకుముందు మేమెందుకు అంత ఆలస్యం చేశామో అనిపిస్తుంది.

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊర్లకు క్లబ్ తరఫున పోకపోయుంటే నా జిల్లా నాకే తెలిసేది కాదు. మర్రిగూడ దిక్కు పోతే పదేండ్ల పిల్లల కాళ్ళు విల్లులా వంగి ఉండేవి. నలభై ఏండ్లకే నడుం వంగి లేవలేని మనుషులు. నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమంటారు, అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి కనిపెట్టారు. దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఆఫ్రికా దేశాల దాకా పోయింది ఆ పేరు. మేము బకెట్లు పట్టుకుపోయి ఇండ్లలో చేసి చూపించేవాళ్ళం. కలపాలి, తేరనివ్వాలి, పైనీళ్ళు మెల్లగా వంచుకోవాలి. పొద్దున లేస్తే కూలికి పోయే తల్లి అదంతా రోజూ ఎక్కడ చేస్తుంది? చాలా ఇండ్లలో బకెట్లు మూలకు చేరాయి. క్లబ్ చేయగలిగేది ఎంతో, ప్రభుత్వమే చేయాల్సింది ఏదో అక్కడ తెలిసింది. మంచినీళ్ళ కోసం అర్జీలు రాసి ఇవ్వడం, ఆఫీసుల చుట్టూ తిరగడం కూడా సేవేనని వకీలు సారు అనేవాడు. కృష్ణా నీళ్ళు ఆ ఊర్ల నల్లాల్లోకి వచ్చింది ఎందరో ఏండ్లకేండ్లు కొట్లాడితేనే. మా అర్జీలు అందులో ఒక చిన్న కాగితం.

నెత్తురు ఇచ్చేవాళ్ళ పేర్ల నోటుబుక్కు మా షాపులోనే ఉండేది. గ్రూపుల వారీగా పేర్లు, పక్కన పక్కింటి వాళ్ళ ఫోను నంబర్లు. అప్పట్లో డబ్బులకు నెత్తురు అమ్మేవాళ్ళ మీదే చాలామంది ఆధారపడేవాళ్ళు. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి నుంచి అది బందయింది. ఆ ఏడాది మా నోటుబుక్కుకు అట్టలు ఊడిపోయాయి, అంత తిరగేశాం. హైవే మీద ప్రమాదం జరిగిందంటే రాత్రి ఏ వేళైనా షటర్ తట్టేవాళ్ళు. పల్స్ పోలియో ఆదివారాలు కూడా అంతే. బస్టాండులో బొంబాయికి వలస పోయే పాలమూరు, దేవరకొండ దిక్కు పిల్లలను బస్సు కదలకముందే పట్టుకుని చుక్కలు వేయించి, చిటికెనవేలికి సిరా గీత పెట్టించేవాళ్ళం. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో పోలియో లేని దేశమని ప్రకటించారు. ఆ రోజు ఫోన్లో ఒకరికొకరం పండుగ శుభాకాంక్షలు చెప్పుకున్నాం.

బాపు పోయినప్పటి సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలనే అనుకుంటున్నాను.

ఊర్లోనే పోయాడు, తెల్లవారుజామున. నేను ఫోను చేసింది మొదట అక్కకు, తర్వాత వకీలు సారుకు. నేత్రదానం చేస్తే ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఫ్యాను బంద్ చెయ్యి, తల కింద దిండు పెట్టు, రెప్పలు మూసి తడి దూది వెయ్యి అని సారు ఒక్కొక్కటే చెప్పాడు. ఇవన్నీ నేను వేరేవాళ్ళ ఇండ్లలో చెప్పినవే. ఆ రోజు చేతులు ఆడలేదు. పెద్దనాయన ఒప్పుకోలేదు. "కండ్లు లేకుంట సాగనంపితే వచ్చే జన్మల గుడ్డోడైతడు" అన్నాడు. చుట్టాలంతా తలూపారు. నన్ను కన్న అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఈ జన్మల ఇద్దరికి సూపిచ్చినోనికి వచ్చే జన్మల దేవుడు ఇయ్యడా?" అంది. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. శిబిరాలకు నేను పోయినప్పుడల్లా ఆమె అడిగి అడిగి విన్న ముచ్చట్లన్నీ లోపల దాచుకుందని నాకు తెలియదు.

ఆస్పత్రి వాళ్ళు వచ్చి ఇరవై నిమిషాల్లో పని ముగించారు. బాపు ముఖం ఎప్పటిలాగే ఉంది. నల్లగొండ నుంచి క్లబ్ వాళ్ళు మూడు బండ్లలో వచ్చారు. కట్టెలు, సామాను, భోజనాలు, ఏదీ నన్ను అడగనివ్వలేదు. మిల్లు సేటు మా వాకిట్లో చెప్పులు విడిచి, పాడె మోయడానికి వచ్చి నిలబడ్డాడు. మా ఊరివాళ్ళు అప్పటిదాకా నన్ను ఊరు విడిచిపోయినవాడిగానే చూశారు. ఆనాడు పెద్దనాయన నా పక్కన కూర్చుని, "అంత పెద్ద చుట్టరికం ఎప్పుడు సంపాయించినవ్ బిడ్డా?" అని అడిగాడు.

వకీలు సారు ఇప్పుడు లేడు. ఆయన కండ్లు కూడా ఇచ్చేశాం. బళ్ళలో ఆపరేషన్లు ఎప్పుడో ఆగిపోయాయి, ఆగడమే మంచిదైంది. ఇప్పుడు ఊర్లలో పరీక్షలు చేసి, కావాల్సినవాళ్ళను బండ్లలో ఆస్పత్రికి తీసుకుపోయి, లోపల కటకం పెట్టించి, మర్నాడు ఇంటి దగ్గర దించుతున్నాం. లావు అద్దాలు లేవు, వరండాలో నడిపించే పనీ లేదు. చుక్కల సీసాలు మాత్రం ఇప్పటికీ రెండు రకాలు, దారం ఇప్పటికీ కడుతున్నాం.

మా షాపుకు వచ్చే పిల్లలు అడుగుతుంటారు, క్లబ్‌లో చేరితే ఏమొస్తుంది అంకుల్ అని. చేరకముందు ఒక శిబిరానికి వచ్చి పొద్దుగూకేదాకా ఉండమంటాను. ఒక మీటింగులో వెనక వరుసలో కూర్చోమంటాను. రెండు ఖాతాలు విడివిడిగా చదువుతున్నారో లేదో వినమంటాను. శాలువాలు, ఫొటోలే ఎక్కువున్న చోటు అయితే లేచి వచ్చేయమనే చెబుతాను, అది మా క్లబ్బైనా సరే. అన్నీ నచ్చితే చేరమంటాను. మైకు ముందు మాట తడబడే పిల్లలైతే ఇంకా మంచిది.

ఈ చలికాలం మునుగోడు దిక్కు శిబిరానికి పేర్లు రాసే బల్ల దగ్గర ఇద్దరు కావాలి. ఫోన్లో ఎక్కించడం వస్తే చాలు. ముసలివాళ్ళు ఒకే మాట నాలుగుసార్లు చెబుతారు, నాలుగోసారి కూడా వినే ఓపిక ఉండాలి. లంబాడీ మాట వచ్చినవాళ్ళు ఒకరుంటే నేనే ఇంటికొచ్చి తీసుకుపోతాను.